చెయ్యి ముడవకుండా

మా అజ్జి లింగం బాయిలో పడ్డ ఏడు శ్రావణం పొడుగునా వానే. అప్పటికి నేను పట్నంలో బి.ఏ. ముగించుకొని వచ్చి, నౌకరీ పిలుపు కోసం ఎదురుచూస్తూ నారాయణఖేడులో మా అరుగు మీద కూచున్నాను. మా వంశంలో ఆ మాట నాతోనే మొదలు. దాంతో ఏం చెయ్యాలో ఇంట్లో ఎవరికీ తెలియదు. మా అప్ప మడివాళప్ప దుకాణానికి వచ్చిన ప్రతివాడికీ "మా సంగప్ప బి.ఏ. అయిండు" అని చెప్పేవాడు. "అయ్యో, ఇప్పుడెట్లున్నది పాణం?" అని అడిగినవాళ్లు కూడా ఉన్నారు.

మేం ఎన్నో తరాల కింద కన్నడ సీమ నుంచి వచ్చినవాళ్లం. నాయనమ్మను అజ్జి అంటాం, తండ్రిని అప్ప, తల్లిని అవ్వ అంటాం. ఇంట్లో కన్నడం, బజార్లో తెలుగు, బడిలో ఉర్దూ. అజ్జి కల్లమ్మ మాత్రం మూడూ కలిపి ఒకే భాష చేసి మాట్లాడేది.

మా లింగాయతుల్లో గురువు ప్రతి మనిషికీ ఒక లింగం ఇస్తాడు. ఉసిరికాయంత ఉంటుంది, నల్లగా, నున్నగా. పొద్దున స్నానం చేసి దాన్ని ఎడమ అరచేతిలో పెట్టుకొని, నీళ్లు పోసి, విభూతి పెట్టి, రెప్ప వాల్చకుండా కాసేపు చూసి, అప్పుడే నోట్లో ముద్ద పెట్టుకోవాలి. ఎవరి లింగం వాళ్లది. ఊపిరి లాగ, దాన్ని ఇంకొకరి దగ్గర అడిగి తెచ్చుకోలేం. నేను పట్నంలో ఆ పూజను మొహం కడుక్కున్నంత సేపట్లో ముగించేవాణ్ణి. అజ్జికి మాత్రం అది అయ్యేసరికి ఎండ వాకిట్లోంచి ఇంట్లోకి వచ్చేది.

ఆ రోజు పెరట్లో బాయి గట్టు మీద కూచుని పూజ చేసుకుంటూ ఉంది. వానలకు బాయి నిండి నీళ్లు చేతికి అందుతున్నాయి, గట్టంతా పాచి. లేవబోయి జారింది. మా చెల్లె మహానంద పరుగెత్తి ఆమె నడుము పట్టుకుంది. మనిషి దక్కింది. అరచెయ్యి ఖాళీ అయింది.

అజ్జి ఏడవలేదు. ఖాళీ చేతిని అట్లాగే చాచి పట్టుకొని బాయిలోకి చూస్తూ కూచుంది.

బాయిలు తవ్వే తోమాను పిలిపించారు. అతడు వచ్చి పెరటి తలుపు బయటే నిలబడ్డాడు. తోమా వాడవాళ్లు మా బాయి గిలక ముట్టే రోజులు కావవి. అప్ప గొంతు సవరించుకుంటూ నిలబడ్డాడే గాని లోపలికి రమ్మనలేకపోయాడు.

"దిగు తోమా," అంది అజ్జి. "నువ్వు దిగితె పాడయ్యే నీళ్లయితె, నా లింగం పడ్డప్పుడే బాగయినయి లే. దిగు."

తోమా మునిగాడు, తేలాడు. మొదట ఒక గరిటె వచ్చింది. తర్వాత ఒక ఇత్తడి చెంబు.

"నా చెంబు! చిన్నప్పుడు పోయింది!" అని మహానంద ఎగిరింది.

"ఏం బాయి సావుకారీ ఇది, కిరాణ దుకాణం లెక్కున్నది," అని నవ్వించి తోమా మళ్లీ మునిగాడు. పెదవులు నల్లబడేదాకా మునిగాడు. అడుగున మోకాలి లోతు బురద, ఊట నీళ్లు తిరుగుతున్నాయన్నాడు. చివరికి గట్టు పట్టుకొని అజ్జి దిక్కు చూసి, "దొరకలే పెద్దవ్వా," అన్నాడు. ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు.

ఆ పూట అజ్జి తినలేదు. మర్నాడూ తినలేదు. ఊళ్లో ఉన్న అయ్యగారు వచ్చి చూసి, గొంతు తడుపుకోవడానికి నీళ్లు తాగొచ్చని మాత్రం ఒప్పించాడు. కొత్త లింగం ఇమ్మంటే తల అడ్డంగా ఊపాడు. "నేనియ్యరాదు మడివాళప్పా. ఏ మఠం దీక్ష ఆ మఠమే ఇయ్యాలె. ఆమెది గుట్టల అవుతలి మఠం."

గుట్టల అవుతల అంటే నాగల్‌గిద్ద దిక్కు. బండిదారి వాగులో మునిగి ఉంది. వాగు తగ్గాలంటే వాన ఆగాలి. అజ్జి అంతదాకా ఆగేటట్టు లేదు. మూడో రోజుకే ఆమె లేచి కూచోవాలంటే ఒకరు పట్టుకోవలసి వచ్చింది.

మా అవ్వ బసలింగమ్మ నన్ను వంటింట్లోకి లాగి గుసగుసగా అంది. "సంగూ, ఏదన్న ఒక లింగం తేరాదు? బురద పూసి, బాయిల దొరికిందంటె అయిపాయె. పాణం నిలబడ్డంక నిజం చెప్పుకుందం."

పక్క గదిలోంచి అజ్జి గొంతు సన్నగా వచ్చింది. "బసలింగా, తిండి మానేసిన గని చెవులు మానెయ్యలే."

అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని ఏడ్చింది.

"నేను గుట్ట మీదికెళ్లి పోయొస్త," అన్నాను.

"దారి తెల్వదు నీకు," అన్నాడు అప్ప. ఆయనకు దమ్ము. పది అడుగులు వేస్తే కూచోవాలి. లేకుంటే ఆయనే పోయేవాడు.

"అడుక్కుంట పోత. చదువుకున్నోణ్ణి."

"గుట్టకు ఉర్దూ రాదురా," అన్నాడు అప్ప. అన్నాడే గాని, లోపలికి పోయి తన గొంగడి తెచ్చి నా భుజం మీద వేశాడు. అవ్వ జొన్నరొట్టెలూ పల్లీల పొడీ మూట కట్టింది. తెల్లవారకముందే వీపుకు మూట కట్టుకొని ఒక్కణ్ణే బయల్దేరాను.

ఆ గుట్టలు మా ఊరి నుంచి ఎప్పుడూ కనబడేవే. ఎర్రరాయి, ముళ్లచెట్లు, ఎవరికీ పనికిరాని చోటు అనుకునేవాణ్ణి. ఎక్కడం మొదలుపెట్టాక చాలాసేపు అదే అనుకున్నాను. జారే రాయి, మోకాళ్లకు ముళ్లు. ఇంకొక్క మెట్ట ఎక్కితే ఇంకో గుట్ట కనబడుతుందనుకొని తల ఎత్తాను.

గుట్ట లేదు. నీళ్లున్నాయి.

ఆకాశమంత చెరువు. దాని వెనక ఇంకాస్త ఎత్తులో ఇంకో చెరువు. దానికీ పైన ఇంకోటి. ఎవరో మెట్లు కట్టి ఒక్కో మెట్టు మీద నీళ్లు పరిచినట్టు మూడు చెరువులు. పై చెరువు నిండి అలుగు మీంచి మత్తడి దుంకి నడిమి చెరువులో పడుతోంది, నడిమిది దుంకి అడుగు చెరువులో పడుతోంది. ఎర్రరాళ్ల నడుమ అంత నీరు అంత ఎత్తున ఎట్లా నిలబడి ఉందో నాకు అర్థం కాలేదు. నేను పుట్టిన ఊరి నెత్తి మీద ఇంత ఉంటే, పట్నం పోయి హుస్సేన్‌సాగర్ చూసి నోరు తెరిచాను.

"ఏం బాబూ, చెరువు మింగుతవా ఏంది, నోరు మూయి, ఈగలు పోతయి!"

గొర్రెల కాపరి. పేరు దేవప్ప అన్నాడు, నడిమి చెరువు ఇవతలి ఒడ్డున మంద కట్టుకొని ఉన్నాడు. విషయం చెప్పాను. అతని నవ్వు ఆగింది. మత్తడి మీద కాలు ఎక్కడ పెట్టాలో కర్రతో చూపించాడు. "ఇప్పుడైతె మోకాలి బంటి. ఎనక వానొస్తె నడుము. జల్దీ పోయి జల్దీ రా."

రెండు మత్తళ్లూ దాటి, అవతలి వాలు దిగి, మధ్యాహ్నం దాటాక మఠం చేరాను. మఠమంటే రాతి గోడల ఇల్లు, ముందు రెండు మారేడు చెట్లు. లోపల మంచం మీద పెద్దయ్య. ఒక కాలు వాచి, ఆముదపు ఆకులతో కట్టి ఉంది.

"ఎవలు?"

"నారాయణఖేడు మడివాళప్ప కొడుకును అయ్యా. కల్లమ్మ మనుమణ్ణి."

"కల్లవ్వ ఇంక బతికే ఉన్నదా! నాకన్న పెద్దది గదరా. పిల్లప్పుడు నా చెవి మెలిపెట్టింది, ఇప్పటికీ వంకరే." చెవి చూపించి నవ్వాడు.

"ఆమె లింగం బాయిల పడ్డది అయ్యా."

నవ్వు పోయింది. "తింటున్నదా?"

"లేదు."

ఆయన లేవబోయాడు. కాలు నేల మీద ఆనించగానే మొహం వంకర పోయింది, మళ్లీ కూలబడ్డాడు. తర్వాత నా దిక్కు చూశాడు. "ఏం సదివినవ్?"

"బి.ఏ."

"ఒక్క చోట కదలకుంట కూసోవడం నేర్పుతరా అండ్ల?"

"లేదయ్యా."

"అయితె ఇయ్యాల నేర్చుకుంటవ్."

స్నానం చేసి రమ్మన్నాడు. కొత్త లింగాన్ని తన ఎడమ చేతిలో పెట్టుకొని చాలాసేపు పూజ చేశాడు. మంత్రం కొంత వినబడింది, కొంత వినబడలేదు. ఆ తర్వాత నా ఎడమ అరచెయ్యి చాచమని, దాని మీద పెట్టాడు. చల్లగా ఉంది. అనుకున్నదానికన్నా బరువు.

"గురువు చేతిలనించి భక్తురాలి చేతికి పోవాలె. నడుమ ఇంకోటి ఉండరాదు. నేను నడవలేను గనక ఈ ఒక్కసారికి నీ చెయ్యే నా చెయ్యి. కింద పెట్టద్దు. జేబుల, మూటల పెట్టద్దు. చెయ్యి మార్చద్దు. పిడికిలి ముడవద్దు."

"ముడవకుంటె పడిపోతది గద అయ్యా?"

"ముడిస్తె రాయైతది. తెరిసి పట్టుకుంటె లింగమైతది. పడనియ్యకు. ఇంక పో, మబ్బు పడుతున్నది."

దారి పొడుగునా కళ్లు అరచేతి మీదే. అందుకే కాళ్లు రాళ్లకు తగిలాయి. కాళ్లు చూసుకుంటే చెయ్యి వంగుతుంది. చెయ్యి చూస్తే కాలు తప్పుతుంది. రెండూ ఒకసారి చూడటం రావడానికి అవతలి వాలంతా పట్టింది. పై చెరువు మత్తడి మోకాలి పైదాకా వచ్చింది, ఎట్లాగో దాటాను. నడిమి చెరువు దగ్గరికి వచ్చేసరికి వెనక నుంచి వాన అందుకుంది, పొద్దు కూడా కుంకుతోంది. మత్తడి మీద నీరు ఎర్రగా, తాళ్లు పేనినట్టు మెలితిరుగుతూ దుంకుతోంది.

అవతలి ఒడ్డు నుంచి దేవప్ప రెండు చేతులూ ఊపుతూ అరిచాడు. "ఆగు! దాటకు! కొట్టుకపోతవ్!"

"అజ్జి..." అని అరిచాను.

"నువ్వు పోతె అజ్జికి ఏం తీస్కపోతవ్ రా! కూసో ఆడ్నే! పొద్దుగాల్ల తగ్గుతది!"

రెండు చెరువుల నడుమ పెద్ద బండ ఒకటుంది. దాని మీదికి ఎక్కి కూచున్నాను. కుడిచేత్తో గొంగడి నెత్తి మీదికి లాక్కున్నాను. ఎడమ మోచేతిని మోకాలి మీద ఆనించి అరచెయ్యి పైకి పెట్టాను. గాలికి గొంగడి నిలబడలేదు, వాన నేరుగా చేతి మీద పడింది. అరచేతి గుంటలో నీళ్లు నిండాయి. ఆ నీళ్లలో లింగం. ఆ నీళ్లు వేళ్ల సందుల నుంచి కారిపోతున్నాయి, మళ్లీ నిండుతున్నాయి. నా చెయ్యి కూడా మత్తడి దుంకుతోంది.

దేవప్ప అవతలి ఒడ్డున ఎండు కట్టెలు ఎక్కడ సంపాదించాడో, రాతి చూరు కింద మంట పెట్టాడు. ఆ మంట నాకు వెచ్చదనం ఇవ్వలేదు. అయినా అది ఉండటంతో నేను ఒక్కణ్ణే అన్న దిగులు కొంచెం తగ్గింది. అప్పుడప్పుడు అరిచేవాడు. "ఉన్నవా?"

"ఉన్న!"

"చెయ్యి?"

"ఉన్నది!"

మొదట చెయ్యి నొప్పి పుట్టింది. తర్వాత మంట. ఆ తర్వాత మోచేతి నుంచి కింద ఏమీ తెలియకుండా పోయింది. అప్పుడే భయం వేసింది. తెలియని చేతిని నమ్మేదెట్లా? కళ్లతోనే పట్టుకోవాలి. రెప్ప వాలిస్తే ఒరుగుతుందేమోనని చూస్తూ కూచున్నాను. ఇంట్లో రోజూ లెక్కపెట్టి ముగించే చూపు ఇది. మొట్టమొదటిసారి ముగింపు లేకుండా చూశాను. ఎంతసేపంటే చెప్పలేను. ఒకచోట నౌకరీ గుర్తు రాలేదు, చదువు గుర్తు రాలేదు, చలి కూడా గుర్తు రాలేదు. నల్లటి ఆ రాయి, దాని చుట్టూ వణికే నీళ్లు. అంతే.

వాన ఎప్పుడాగిందో నాకు తెలియదు. అరచేతి నీళ్లలో వెలుగు పడితే తెలిసింది. తల ఎత్తాను. మబ్బు చీలి, తూర్పున, అడుగు చెరువుకు అవతల, చంద్రుడు ఇంకా కిందనే ఉన్నాడు. పున్నమి దగ్గరి చంద్రుడు. నడిమి చెరువు మొత్తం వెండి రేకు. కప్పలు ఒక్కసారిగా అందుకున్నాయి, ఊరంతా పెండ్లికి లేచినట్టు. వెనక్కి తిరిగి చూశాను.

పై చెరువు మత్తడి నుంచి నీటి పొగ లేస్తోంది. ఆ పొగలో ఒక సింగిడి, ఇంద్రధనుస్సు, నిలబడి ఉంది. రంగులు లేవు. తెల్లగా, విభూతి రేఖ లాగ, ఈ గట్టు నుంచి ఆ గట్టుకు వంగి ఉంది. పగటి సింగిడి ఎరుగుదును. రాత్రి సింగిడి ఉంటుందని ఏ పుస్తకంలోనూ చదవలేదు, ఎవరూ చెప్పలేదు. దేవప్పను పిలుద్దామని నోరు తెరిచాను. పిలవలేదు. అరిస్తే అది చెదిరిపోతుందేమో అనిపించింది. నా చేతిలో ఉన్నదీ, ఎదురుగా ఉన్నదీ, కిందా పైనా ఉన్న నీళ్లన్నీ ఒకదాన్నొకటి చూసుకుంటున్నట్టు, నేను వాటి నడుమ అడ్డం రాకుండా ఊరుకుంటే చాలన్నట్టు ఉంది. దండం పెట్టాలనిపించింది. ఎడమ చెయ్యి ఖాళీ లేదు గనక తల వంచాను.

మబ్బు మళ్లీ మూసుకునేదాకా అది ఉంది.

తెల్లారేసరికి మత్తడి తొడ లోతుకు దిగింది. దేవప్ప సగం దూరం వచ్చి కర్ర చాచాడు. "కుడిచెయ్యి ఇయ్యి. కింద చూడకు, నా మొహం చూడు. మంచిగ లేదని తెలుసు, అయినా చూడు."

నడిమధ్యలో కాలు కింద రాయి తిరిగింది. కుడివైపు పడ్డాను, నడుము దాకా మునిగాను, మోకాలు చీరుకుపోయింది. కర్ర వదల్లేదు. దేవప్ప ఈడ్చి ఒడ్డుకు వేశాక మొదట నా మొహం చూడలేదు, పైకి లేచి ఉన్న నా ఎడమ చెయ్యి చూశాడు. లింగం ఉంది. అతడు తన తలపాగా తీసి నా మోకాలికి కట్టాడు. "పో బాబూ. పో, పో."

ఊళ్లోకి వచ్చినప్పుడు బజార్లో వాళ్లు పక్కకు జరిగి దారి ఇచ్చారు. మా వాకిట్లో అప్ప స్తంభం పట్టుకొని నిలబడి ఉన్నాడు. ఇంట్లోంచి ఏడుపు వినబడటం లేదు. అది మంచికో చెడుకో తెలియక గడప దగ్గర నా కాలు ఆగింది.

"ఉన్నది," అన్నాడు అప్ప. "పా లోపటికి."

మహానంద అజ్జిని వీపు వెనక కూచుని పట్టుకుంది. అవ్వ ఆమె ఎడమ చెయ్యి కడిగి, తుడిచి, కింద తన రెండు చేతులూ ఆనించింది. నా చెయ్యి వంచబోతే వంగలేదు. కట్టెలా బిగుసుకుపోయింది. అప్ప నా మోచెయ్యి పట్టుకొని మెల్లగా ఒంపాడు. లింగం నా చేతి మీద నుంచి అజ్జి చేతిలోకి జారింది.

అజ్జి దాన్ని చాలాసేపు చూసింది. పెదవులు కదిలాయి. చెవి దగ్గర పెట్టాను.

"కొత్తది," అంది. "నేనెవరో దీనికి తెల్వదు. ఇన్నేండ్లకు మళ్ల మొదటికెల్లి చెప్పుకోవాలె."

అవ్వ నీళ్లు పోసింది. విభూతి పెట్టింది. అజ్జి కళ్లు మూసి తెరిచింది. ఆ తర్వాత అవ్వ జొన్న అంబలి ఒక చెంచాడు నోట్లో పోస్తే, మింగింది. ఇంకొకటి పోస్తే, "ఉప్పు తక్కువ," అంది. అప్ప వాకిట్లోకి పోయి గోడ దిక్కు తిరిగి నిలబడ్డాడు.

నా చెయ్యి రెండు రోజులు తెరుచుకొనే ఉంది. నౌకరీ పిలుపు భాద్రపదంలో వచ్చింది. ఆ లోపు నేను రోజూ పొద్దున్నే లేచి అజ్జి పక్కన కూచుని పూజ చేసుకునేవాణ్ణి. ఎవరూ చెప్పలేదు, ఎవరూ ఎందుకని అడగలేదు. గుట్ట మీద చూసింది మాత్రం ఎవరికీ చెప్పలేదు. మాటల్లో పెడదామని చూస్తే ప్రతిసారీ చిన్నదయ్యేది.

ఒక పొద్దున ఆలస్యంగా లేచి తలుపు దగ్గరికి వచ్చేసరికి అజ్జి అప్పటికే కూచుని ఉంది. వాన వెలిసి ఎండ పడుతోంది. చేతిలో లింగం పెట్టుకొని, కొత్త కోడలికి ఇల్లు చూపించినట్టు మెల్లగా మాట్లాడుతోంది.

"గీమె బసలింగ. కోపమెక్కువ, మనసు మంచిది. గీ పిల్ల మహానంద, బాయిల చెంబులేస్తది. ఆ దగ్గేది నా కొడుకు. నిన్ను తెచ్చినోడు సంగడు, ఎరుగుదువు. ఇగ నాది పుట్టిల్లు ఆ గుట్టల అవుతల. ఎన్నేండ్లాయెనో పోక. నువ్వు ఆడ్నించే వస్తివి గద. చెరువులు చూసినవా? ఎట్లున్నయి, చెప్పు."

అడిగి ఊరుకుంది. రెప్ప వాల్చకుండా అరచేతిలోకి చూస్తూ, జవాబు కోసం ఆగింది. నేను తలుపు పట్టుకొని నిలబడ్డాను.

కాసేపటికి అజ్జి మొహం విప్పారింది. "ఆఁ," అని తల ఊపింది. మళ్లీ, "ఆఁ... ఆఁ," అంది.